పళ్లెమంత సాలీడు

మా అన్నయ్య రైల్వేలో వ్యాగన్లు పరీక్షించి, వాటి రోగాలు సుద్దముక్కతో వాటిమీదే రాసి రిటైరయ్యాడు. దేశంలో తిరిగే వ్యాగన్లలో సగం ఆయన సుద్ద తిన్నవే. ఆ అలవాటు పోక, నిమ్‌పురాలో మా ఇంటి వెనక మామిడిచెట్టు తొర్ర పక్కన కూడా "పరీక్షలో ఉంది" అని రాశాడు. తొర్రలో ఓ టారంటులా ఉండేది. వర్షారణ్యాల్లో నేల దిగకుండా చెట్లమీదే బతికే సాలీళ్లకు అది చుట్టమని ఆయన నమ్మకం. ఏ జాతిదో తేలాలంటే అది విడిచిన చర్మం కావాలట. కాలేజీ మాస్టారొకాయన చూసి చెబుతానన్నారు. వదిన పోయాక అన్నయ్య దేనికోసమైనా ఎదురుచూడటం అదే మొదటిసారి.

నేను ఊరుకోవచ్చు కదా! టీకొట్లో దాన్ని అన్నం పళ్లెమంత చేశాను. పిల్లికూనను తొర్రలోకి ఎత్తుకెళ్లడం కళ్లారా చూశానన్నాను. అందరూ నవ్వారు. మర్నాడు మేమిద్దరం బజారుకెళ్లి వచ్చేసరికి ఇరుగుపొరుగు బెంగాలీవాళ్లు తొర్రలో కిరసనాయిలు పోసి కాల్చేశారు.

"ఇంక భయం లేదు, దాదా" అని మాకే ధైర్యం చెప్పారు.

అన్నయ్య బూడిదలో వెతికితే ఒక కాలు దొరికింది.

"ఏటి సెప్పినావురా ఆలకి?"

"పళ్లెమంత ఉందని సెప్పినాను, అన్నయ్యా."

"నా అరసెయ్యంతే కదరా అది."

ఎవరినైనా నవ్వించడానికి నా దగ్గర ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది. ఆ రోజు ఉన్నది జేబురుమాలొక్కటే, బూడిద తుడుచుకోమని ఇచ్చాను. ఆయన ఆ కాలి కొసను వెలుగుకు తిప్పి, చెట్టెక్కడానికి పనికొచ్చే వెడల్పాటి మెత్తని పాదం చూపించాడు.

"సెట్టుదేరా. అంతవరకూ కరెక్టే. పేరే తెలీదింక."