పిడికెడు ఊక

ఈ మధ్య మా హాల్లో అడుగు పెడితే చాలు, మురిగిన నాచూ కుళ్ళిన మేతా కలిసిన వాసన గుప్పున కొడుతోంది. ఏలూరులో మా ఇంటి గోడ పొడవునా ఆరడుగుల చేపల తొట్టి పెట్టించారు మావారు. నీళ్ళు తిరగడం లేదండీ అని నేను మొత్తుకున్నప్పుడల్లా ఇంకో మోటారు కొనుక్కొస్తారు. ఇప్పటికి మూడయ్యాయి. రెండు చెరో చివరా ఎదురెదురుగా నిలబడి ఒకదాని నీళ్ళు ఒకటి నెట్టుకుంటుంటే, మూడోది మధ్యలో ఊరికే గురగురలాడుతుంది. నాలుగు చేపలు పోయాయి. మిగిలింది మా అమ్మాయి ముద్దుగా పెంచుకుంటున్న ముసలి బంగారు చేప ఒక్కటే. అదీ నిన్నటి నుంచి పైకి తేలి నోరు తెరిచి గాలి మింగుతోంది. "కంగారు పడకు, ఈసారి పెద్ద మోటారు తెస్తాను" అన్నారాయన. నాకు ఒళ్ళు మండిపోయింది.

చేప అలా నోరెత్తడం నాకు కొత్త కాదు. కొల్లేటి అంచున మా నాయనమ్మ చేపల చెరువు గట్టు మీదే నా చిన్నతనమంతా గడిచింది. ముసురు పట్టి రెండు రోజులు ఎండ కనపడకపోతే తెల్లారేసరికి నీళ్ళలో గాలి చాలక చెరువు నిండా చేపల నోళ్ళే. తడిసిన తుంగ వాసన, డీజిల్ ఇంజను పొగ, పాకలో మరుగుతున్న అల్లం టీ, నాయనమ్మ కొంగున ముడేసి తెచ్చే వేయించిన వేరుశెనగ గుళ్ళు, అన్నీ ఆ చలిలో ఒకేసారి ముక్కుకు తగిలేవి. ఇంజను పెట్టి చెరువు నీళ్ళే తోడి మళ్ళీ చెరువులో పోసేవాళ్ళు. గొట్టాన్ని మాత్రం ఆవిడ చెరువు నడిమికి పెట్టనిచ్చేది కాదు. గట్టు వెంబడి వాలుగా పెడితేనే నీరంతా చుట్టు తిరుగుతుందనేది. ఆ పైన నా చేతికి ఊక గంప ఇచ్చి, "నాలుగు మూలలా జల్లి రామ్మా. ఊక ఎక్కడ ఆగిపోతే అక్కడ నీళ్ళు చచ్చినట్టే" అనేది.

ఒక ముసురు రోజున అవతలి మూలకు వెళ్ళాలంటే జలగలని భయమేసింది. గంపంతా ఇవతలే కుమ్మరించి వచ్చి, "అన్ని మూలలా తిరుగుతోంది నాయనమ్మా" అన్నాను. మర్నాడు ఆ అవతలి మూలంతా తెల్లటి పొట్టలే. నాన్న కేకలేస్తుంటే ఆవిడ తల వంచుకుని, "గొట్టం నేనే తప్పు పెట్టించాన్రా" అంది. నేను ఖాళీ గంప పట్టుకుని పాక చాటుకు తప్పుకున్నాను.

ఈ ఉదయం డాబా మీద కుండీల కోసం తెచ్చిన ఊక పిడికెడు నానబెట్టి తొట్టిలో జల్లాను.

"అయ్యో, అందులో చెత్త పోస్తావేంటి?" అన్నారు మావారు.

"కాసేపు మాట్లాడకుండా చూడండి."

ఊకంతా పోయి, వెనక అద్దానికి ఆనించిన పెద్ద రాయి చాటున ఆగింది. వాసన పుట్టిల్లు అదే. రాయిని ముందుకు జరిపాను. మధ్య మోటారు పీకేశాను. మిగిలిన రెండింట్లో ఒకటి ముందు అద్దం వెంబడి, రెండోది వెనక అద్దం వెంబడి ఎదురు దిక్కుకు తిప్పాను. ఊక కదిలింది, రాయి చుట్టూ తిరిగింది, మళ్ళీ తిరిగింది. దాన్ని వలతో తోడేశాను. మధ్యాహ్నానికల్లా ముసలి చేప కిందికి దిగి మేత వెతుక్కోవడం మొదలుపెట్టింది.

"ఇదంతా ఎవరు నేర్పారు నీకు?" అన్నారాయన, నాలుగో మోటారు ఊసెత్తకుండా.

"మా నాయనమ్మ" అన్నాను.

ఆ చెరువు ఇప్పుడు లేదు, ఇంజనూ లేదు, గట్టు మీద పాకా లేదు. గొట్టం తప్పేం లేదు నాయనమ్మా, నేనే ఆ మూలకు వెళ్ళలేదు అని చెప్పుకోడానికి ఆవిడా లేదు.