ప్రైవేటు చోదకుల అర్జీ

ఆ రోజుల్లో, అంటే తొంభైల చివర్లో, కాగితం మీద బరువైన మాటలు రాస్తే లోకం దానంతటదే సర్దుకుంటుందని నాకు గట్టి నమ్మకం. మదనపల్లె కోర్టులో అప్పుడే నల్లకోటు వేసుకున్నాను. కోటు కుదిరింది గానీ లోపలి వకీలు ఇంకా కుదరలేదు. మా సీనియర్ గారు వాయిదా అడగడానికి తప్ప నన్ను నోరు తెరవనిచ్చేవారు కాదు (అది కూడా చేతులు కట్టుకుని అడగాలి). అలాంటి నాకు దొరికిన మొదటి కక్షిదారు పుంగనూరులో చింతపండు మండీ నడిపే మా మేనమామ.

మామకు నలభై దాటాక గాల్లో ఎగరాలని బుద్ధి పుట్టింది. బెంగళూరు అవతల ఒక క్లబ్బులో చేరి, పరీక్షలు రాసి, చిన్న విమానం సొంతానికి నడుపుకునే లైసెన్సు తెచ్చుకున్నాడు. ఆదివారం వస్తే పోయి ఒక గంట ఎగిరొచ్చేవాడు. ఊళ్లో ఎవరూ నమ్మలేదు. "ఏమప్పా, ఈ వారం యాడ దిగినావు, చంద్రుడి మీదనా?" అని మండీలో హమాలీలు కూడా అడిగేవాళ్లు. మామ కూడా వాళ్లతో పాటు నవ్వేవాడు. అయితే ఆ క్లబ్బు మైదానం ఒకనాడు ఇళ్ల ప్లాట్లయిపోయింది. పెద్ద విమానాశ్రయానికి పోయి అడిగితే ప్రైవేటు వాళ్లకు ఇక్కడ చోటు లేదన్నారు. ఆ లైసెన్సు బీరువాలో పెడితే నిలిచేది కాదు, ఎగురుతూ ఉంటేనే బతుకుతుంది. మామకు ఇంకా రెండు నెలలే గడువుంది.

జనం సొమ్ముతో కట్టిన విమానాశ్రయంలో ప్రైవేటు పైలట్లు కూడా దిగేటట్టు చట్టంలో ఒక ముక్క చేర్పించాలని మామ పట్టుబట్టాడు. ఢిల్లీలో పలుకుబడి ఉన్న నాయకుడొకాయన కుప్పం వస్తున్నాడని తెలిసి నన్ను అర్జీ రాయమన్నాడు. రెండు నిఘంటువులు ముందు పెట్టుకుని, 'స్వకీయ వైమానిక చోదకులకు సార్వజనిక నిలయములందు ప్రవేశ హక్కు కల్పించుట గురించి' అని శీర్షిక పెట్టాను. మామ దాన్ని కూడబలుక్కుని చదివి, "ఇది సదివేలోపల పెట్రోలు అయిపోతాది గదరా" అన్నాడు. నేను నొచ్చుకున్నానని తెలిసి దిద్దమనలేదు. ఆ మర్యాదే కొంప ముంచింది.

ఒక్కడి అర్జీని ఎవరు చూస్తారు, సంతకాలు కావాలి. పుంగనూరు బస్టాండు ఎదురుగా టీ అంగట్లో కూర్చున్నాను. శీర్షిక చదివి వినిపిస్తే ఒక్కరికీ అర్థం కాలేదు. చివరికి, "మన ప్రైవేటు బస్సును గవర్నమెంటు బస్టాండులోకి రానీరు కదప్పా, రోడ్డు మీద ఎండలోనే దించతారు గదా, అట్లాంటిదే ఇది" అని చెప్పాను. అంతే, మధ్యాహ్నానికి నాలుగు కాగితాలు నిండాయి. నా వాగ్ధాటికి నేనే మురిసిపోయాను. నా మాట అంగడి దాటి ఊళ్లోకి పోయేటప్పుడు 'అట్లాంటిదే' అన్నది దారిలో ఎక్కడో దిగిపోయిందని నాకు తెలియదు.

కుప్పం పోవాల్సిన రోజు సంతకాలు చేసినవాళ్లంతా ఒక ప్రైవేటు బస్సు నిండా ఎక్కి తయారయ్యారు. మామా నేనూ అందులోనే కూర్చున్నాం. హారన్ మీద నుంచి చెయ్యి తియ్యడు కాబట్టి ఆ డ్రైవరును అందరూ హారనప్ప అనేవాళ్లు. "లాయరప్పా, మా కోసరం ఇంత సేస్తాండావు, నీకు పుణ్యముంటాది" అన్నాడతను. మా మామ బాధను తన బాధ అనుకుంటున్నాడు, ఎంత పెద్ద మనసు అని నా కళ్లు చెమర్చాయి.

అతిథి గృహంలో నాయకుడు అర్జీ తీసుకుని శీర్షికలో మూడో మాట దగ్గర ఆగిపోయాడు. "చోదకులంటే ఎవరయ్యా?"

"డ్రైవర్లు సార్," అన్నాడు పక్కనున్న సహాయకుడు.

"నిలయమంటే స్టాండే కదా. మరి ఈ వైమానిక అని ఉందే?"

"గౌరవానికి రాసుంటారు సార్."

నేను నోరు తెరిచేలోపల హారనప్ప ముందుకొచ్చాడు. "మేమే సా డ్రైవర్లం. ముసిలోళ్లనీ బిడ్డతల్లుల్నీ రోడ్డు మీద ఎండలో దించతాండాం. అందరి డబ్బుతో కట్టిన స్టాండు సా అది. యాల రానీరు? మేం పబ్లిక్ గాదా?" నిఘంటువులు తిరగేసి నేను మూడు పేజీల్లో చెప్పలేనిది అతను నాలుగు మాటల్లో చెప్పేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, సిగ్గులేకుండా.

"ఇంకెవరైనా మాట్లాడతారా?" అన్నాడు నాయకుడు. మామ లేచాడు. చేతిలో లైసెన్సు ఉంది. దాన్నొకసారి, వెనక నిలబడ్డవాళ్లనొకసారి చూసి, జేబులో పెట్టుకున్నాడు. "ఆయప్ప సెప్పిందే సా నాది గూడా" అని కూర్చున్నాడు.

బయటికొచ్చాక ఉండబట్టలేక, "యాల మామా, విమానం మాటే ఎత్తకపోతివే?" అన్నాను. "ఎత్తింటే మళ్లీ ఆ బస్సులోనే గదరా రావల్ల!" అన్నాడు. కొంచెం దూరం నడిచాక, "నేను దిగకపోతే ఎవురికిరా ఎండ?" అన్నాడు, తనకు తానే చెప్పుకుంటున్నట్టు.

కొన్నాళ్లకు పుంగనూరు బస్టాండులో ప్రైవేటు బస్సులకు ఓ మూల రేకుల షెడ్డు పడింది. దానికన్నా ముందే మామ లైసెన్సు గడువు తీరిపోయింది. ఆ రోజు ఓదార్చబోయి, "అప్పీలు వేద్దాం మామా" అన్నాను. "ఎవురి మీదరా, ఆకాశం మీదనా?" అని చింతపండు బుట్టలు తూకం వేయించుకుంటూ ఉండిపోయాడు. పైన ఏదో విమానం చప్పుడైతే మాత్రం హమాలీలందరితో పాటు తలెత్తాడు. అందరూ దించేసిన తర్వాత దించాడు.

ఆ అర్జీ నకలు ఇప్పటికీ నా దగ్గరుంది. ఇన్నేళ్ల అనుభవంతో చూసినా చట్టపరంగా అందులో తప్పు దొరకడం లేదు. వకీలుగా నా తొలి గెలుపు అదే మరి. అర్జీదారుడికి తప్ప అందరికీ న్యాయం జరిగింది.