ఏరిన రాళ్ళు

కెనడాలోని ఎడ్మంటన్ శివార్లలో ముసలి స్టెఫాన్ ఎప్పుడూ నేల చూస్తూ నడుస్తాడు. మంచు కరిగినప్పుడల్లా వాళ్ళ పొలంలో రాళ్ళు పైకి తేలేవి. పంతొమ్మిదో శతాబ్దం చివర వలస వచ్చిన ముత్తాత మొదలు ఇంటిల్లిపాదీ వాటిని ఏరి గట్టున పోశారు. ఆ పనిలోనే అతని వేళ్ళు వంకరపోయాయి. కొడుకులు పట్టుబట్టి పొలం అమ్మించారు. అక్కడ ఇళ్ళు కట్టిన కంపెనీ ఆ రాళ్ళనే కడిగి, ప్రతి ముంగిట్లో అందంగా పేర్చింది. ఈ వసంతంలో స్టెఫాన్ ఒక ముంగిట అలవాటు కొద్దీ వంగి, రాయి తీసుకుని పాత గట్టు వైపు నడిచాడు.

"ఏవండీ, ఎవరో తాతగారు మన గార్డెన్ రాయి పట్టుకుపోతున్నారు, చూడండి," అని ఆ ఇంటావిడ జ్ఞానసుందరి లోపలికి కేకేసింది. తర్వాత నవ్వుతూ అతనికి ఇంగ్లీషులో చెప్పింది: "అవి ఇంటితోపాటు వచ్చినవి, అంకుల్."

"సారీ," అని స్టెఫాన్ వెనక్కి వచ్చి, రాయిని మెల్లగా దించాడు. ఆ వంశంలో ఆ నేల మీద రాయి పెట్టినవాడు అతనొక్కడే.