చేపల పక్షమా, చెరువు పక్షమా

ఆ వేసవికి ముందు మారెన్ పింకమ్‌కు ఏ విషయంలోనూ అనుమానమన్నదే లేదు. పందొమ్మిదేళ్ల పిల్ల. కాలేజీలో మొదటి ఏడాది పర్యావరణం చదివింది, చదివిందంతా నమ్మింది. నది మీద కట్టిన ప్రతి ఆనకట్టా తప్పేననీ, తీసేస్తే నది దారి నదే చూసుకుంటుందనీ అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పేది. అలాంటి పిల్లకు సొంత ఊరు కోబర్న్ మిల్స్‌లోనే, నదీ సంరక్షణ సంఘంలో ఇంటర్న్‌షిప్ దొరికింది. ఊళ్లో పాత మిల్లు ఆనకట్టను తీసేయించాలన్నది ఆ సంఘం పట్టుదల. మారెన్ ఎగిరి గంతేసింది.

గంతేసిందే గానీ, ఆ ఆనకట్టకు ఏటా చెక్కపలకలు మార్చేది తన తాత క్లేటన్ అన్న సంగతి అప్పుడు తట్టలేదు. మిల్లు మూతపడి యాభై ఏళ్లయింది. క్లేటన్‌ను ఆ పనిలో ఎవరూ పెట్టలేదు, ఎవరూ మాన్పించనూ లేదు. మే నెలలో సముద్రం నుంచి ఏల్‌వైఫ్ చేపలు గుడ్లు పెట్టడానికి ఎదురెక్కి వస్తాయి. అవి ఆనకట్ట దాటడానికి గోడ పక్కన నీళ్లు పారే రాతిమెట్లున్నాయి. ఆ మెట్లలో ఇరుక్కున్న కొమ్మలూ ఆకులూ తీసేది ఆయనే. మొదట పట్టిన చేపల్లో ఊరి వితంతువులకు ఒక బుట్ట ఉచితంగా ఇవ్వాలన్నది పాత కట్టుబాటు. ఆ బుట్ట మోసుకెళ్లేదీ ఆయనే.

మారెన్ మొదటి పని చేపలు లెక్కపెట్టడం. మెట్ల పైన కూర్చుని పది నిమిషాల్లో ఎన్ని ఎక్కాయో రాసుకోవాలి. ముప్పై, మహా అయితే నలభై. గోడ కింద మాత్రం నీళ్లు కనబడనంత చేప, దారి దొరక్క రాతికి కొట్టుకుంటోంది. పక్కనే డెబ్బై ఆరేళ్ల తాత మోకాలిలోతు చన్నీళ్లలో నిలబడి కొమ్మలు ఏరుతున్నాడు.

"తాతా, నువ్వెంత శుభ్రం చేసినా ఇంతకంటే ఎక్కవు. అడ్డం గోడే."

"గోడ లేకపోతే మెట్లెందుకే? మెట్లు లేకపోతే నేనెందుకు?" అని ఆయన నవ్వాడు.

మారెన్‌కు నవ్వు రాలేదు. ముప్పై నాలుగు అని రాసుకుంది.

రెండో పని ఇంటింటికీ వెళ్లి అభిప్రాయం అడగడం. "ఊరి పిల్లవి, నీకైతే తలుపు తీస్తారు" అంది సంఘం పెద్ద డీడ్రా. తీశారు. కూర్చోబెట్టి కాఫీ పోశారు, బ్లూబెర్రీ కేకు పెట్టారు, పొంతన లేని మాటలు చెప్పారు. కాగితం మీద ఉన్నవి మూడే గడులు: తీసేయాలి, ఉంచాలి, అభిప్రాయం లేదు. ఆ మూడో గడి ఎవరు కనిపెట్టారో గానీ, కోబర్న్ మిల్స్ మొహం చూసినవాళ్లయితే కాదు.

ఆనకట్ట వెనక నిలిచిన చెరువు గట్టున ఉండే బెరిల్ అయితే మరీను. "చలికాలం గడ్డకట్టిన ఆ చెరువు మీద నడుస్తుంటే మంచు పగిలి, మా ఆయన అందులోనే పోయాడు. ముప్పై ఏళ్లు ఆ నీళ్లే చూస్తూ గిన్నెలు తోముకున్నాను. తీసిపారేయండి, పీడ విరగడవుద్ది" అంది. మారెన్ మొదటి గడిలో గుర్తు పెట్టబోయింది.

"ఆగవే, తొందరేంటి? చెరువు పోతే నా బావి ఎండుద్దేమో కనుక్కున్నావా? అయినా అది లేకపోతే ఈ కిటికీలోంచి నేనేం చూడాలి, నీ మొహమా?"

ఏ గడిలోనూ గుర్తు పెట్టకుండానే మారెన్ బయటపడింది. బావుల సంగతి డీడ్రాను అడిగితే, "కొన్నిట్లో నీళ్లు తగ్గొచ్చు. ఎన్నిట్లో ఇప్పుడే చెప్పలేం. ఏదీ ఊరికే రాదు కదా మారెన్!" అంది. డీడ్రా ఉండేది నలభై మైళ్ల అవతల. ఆమె చెడ్డ మనిషి కాదు, చెప్పింది అబద్ధమూ కాదు. అదే మారెన్‌కు బాధ. ఎవరో ఒకరు అబద్ధం చెప్పినా బాగుండేది, తేలిగ్గా తేల్చుకునేది.

ఆనకట్ట తీసేయాలా వద్దా తేల్చడానికి ఆగస్టులో ఊరిసభ పెట్టారు. ఆ ముందు శనివారం, ఉడికిన బీన్స్ తింటూ తాత నోరు విప్పాడు.

"నేనేం అనుకోన్లే. ఎటు నిలబడతావో చెప్పు."

"తెలీట్లేదు తాతా."

"చదువుకున్నావు కదే!"

"ఊరు తిరగకముందు తెలుసు."

ఆయన ఆమె గిన్నెలో ఇంకో గరిటె బీన్స్ వేశాడు.

సభలో మొదట చేతులెత్తించారు. అటూ ఇటూ సరిసమానంగా కనబడేసరికి అధ్యక్షుడు అందరినీ లేవమన్నాడు. తీసేయాలన్నవాళ్లు ఎడమ గోడకు, ఉంచాలన్నవాళ్లు కుడి గోడకు. కుర్చీలు చప్పుడయ్యాయి. బెరిల్ కర్ర పొడుచుకుంటూ ఎడమకు వెళ్లింది. క్లేటన్ టోపీ చేత పట్టుకుని కుడికి వెళ్లాడు. డీడ్రా ఈ ఊరి ఓటరు కాదు గనక వెనక బల్ల మీదే కూర్చుంది.

మారెన్ కూడా లేచింది. ఎడమకు ఒక అడుగు వేస్తే చన్నీళ్లలో తాత మోకాళ్లు గుర్తొచ్చాయి. వెనక్కి తిరిగితే రాతికి కొట్టుకునే చేపలు గుర్తొచ్చాయి. మూడు నెలలు ఊరందరి మాటా విని, తన మాట ఏదో తనకే దొరక్కుండా పోయింది. హాలు మధ్యలో ఒక్కతే మిగిలింది.

"మారెన్, ఎటో ఒకవైపు తేల్చుకో తల్లీ" అన్నాడు అధ్యక్షుడు.

కాళ్లు కదల్లేదు. చూసి చూసి లెక్కపెట్టేశారు. ఎడమన అరవై ఒక్కరు, కుడిన అరవై ఒక్కరు. సమానమైతే, తీసేయాలన్న తీర్మానం వీగిపోయినట్టే. ఆనకట్ట ఉంటుంది. గెలిచినవాళ్లు కూడా చప్పట్లు కొట్టలేదు. అందరూ మారెన్ వైపే చూశారు.

బయట ట్రక్కు దగ్గర తాతను కలుసుకుని, "చెరువు మిగిలింది కదా తాతా" అంది మెల్లగా.

క్లేటన్ తాళంచెవి చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. "అటు నిలబడుంటే నెల్రోజులు తిట్టి ఊరుకునేవాణ్ణే. ఇటొచ్చుంటే ఊరంతా చెప్పుకుని మురిసేవాణ్ణి. ఇప్పుడు నిన్నేమనుకోవాలో నాకు తెలీట్లేదు తల్లీ."

తిట్టినా ఇంత నొప్పి పుట్టేది కాదు.

"ఎక్కు, పోదాం" అన్నాడు. ఎక్కింది. ఇల్లు చేరేదాకా దారి చెరువు పక్కనే. ఇద్దరిలో ఒక్కరూ అటు తిరిగి చూడలేదు.