ఆమె పేరున కుట్టిన కుట్లు

నాకు ఊరికే కూర్చోవడం చేతకాదు. ఇరవై ఏళ్ళుగా తిరుపతి, చిత్తూరు మధ్య బస్సులో కండక్టరుగా నిలబడే బతుకుతున్నవాణ్ణి. ఇంట్లో ఉన్నా కాలు కాలిన పిల్లిలా తిరుగుతుంటానని నా భార్య సాధిస్తుంది. అలాంటివాణ్ణి ఆరేళ్ళ కిందట వానలో బస్సు మెట్టు మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాను. మూడు నెలలు మంచం. టీవీ పెడితే విసుగు, ఫోను తీస్తే ఇంకా విసుగు. వేళ్ళు మాత్రం టిక్కెట్టు మిషను నొక్కుతున్నట్టు దుప్పటి మీద కదులుతూనే ఉండేవి.

ఒకరోజు ఆమె బీరువా సర్దుతూ, తను ఎప్పుడో బడిలో క్రాఫ్టు పీరియడు కోసం కొని, ముట్టుకోకుండా వదిలేసిన చెక్క రింగునూ, నాలుగు దారం లచ్చీలనూ పారేయబోయింది. ఇలా ఇవ్వమన్నాను. దిండు గలీబు రింగులో బిగించి, ఫోనులో చూసుకుంటూ గొలుసుకుట్టు మొదలుపెట్టాను. మొదటిరోజు నేను కుట్టింది ఆకో బల్లో తేల్చుకోలేక ఇద్దరం నవ్వుకున్నాం. కానీ ఆ రోజు సాయంత్రం దాకా నొప్పి మాత్ర సంగతే గుర్తు రాలేదు.

కాలు నయమైంది, కుట్టు మాత్రం నన్ను వదల్లేదు. డ్యూటీ లేని రోజుల్లో తలుపు గడియ పెట్టి కూర్చునేవాణ్ణి. గడియ ఎందుకంటే సిగ్గు. మా వీధి చివర పెళ్ళి రవికెలకు మగ్గం పని చేసే అంగడి ఉంది. అందులో కుట్టేవాళ్ళంతా మగవాళ్ళే, వాళ్ళను చూసి ఎవరూ నవ్వరు. కూలికి కుడితే అది పని, ముచ్చటపడి కుడితే ఎగతాళి. డిపోలో మావాళ్ళ నోళ్ళు నాకు తెలుసు. ఒకసారి దొరికితే రిటైరయ్యేదాకా వదలరు. అందుకే నేను పువ్వులు కుట్టిన మొదటి రవికె వేసుకుని నా భార్య వాకిట్లో నిలబడినప్పుడు, పక్కింటావిడ "ఎవురు కుట్టినారు?" అని అడిగితే, నేనే ఎగబడి "ఈమే" అన్నాను. ఆమె నా వైపు ఒకసారి చూసి లోపలికి పోయింది.

అప్పటికి హాయిగానే ఉండింది. తర్వాత్తర్వాత లోపల ఒకటే దురద. ఆమెను ఎవరైనా పొగుడుతుంటే తలుపు చాటున నిలబడి వినేవాణ్ణి. విన్నకొద్దీ ఒళ్ళు మండేది. ఆమె "ఏదోలే అక్కా" అని ముక్తసరిగా తేల్చేసేది. కనీసం నిండుగా పొగిడించుకోవడం కూడా రాదేమని విసుక్కునేవాణ్ణి. ఒకటీ రెండేళ్ళుగా శుభకార్యాలకు పిలుపు వస్తే చాలు, ఆమెకు తలనొప్పి మొదలయ్యేది. బద్ధకమనుకున్నాను.

ఈమధ్య చిత్తూరులో మా వదిన, అంటే నా భార్య అక్క, కొత్త ఇంట్లో చేరింది. ఆ గృహప్రవేశానికి ఆమెను బలవంతంగా తీసుకెళ్ళాను. దానికి కారణం ఉంది. నాలుగు నెలలు కష్టపడి ఒక రవికె కుట్టాను. నెమళ్ళు, తామరలు కాదు. వీపు మీద ఒక వరుస, చేతుల చివర ఒక వరుస, నా బస్సు కిటికీలు. నీలం దారంతో చట్రాలు, లోపల ఒక్కోదానిలో ఒక్కోటి: ఒకదానిలో మల్లెచెండు, ఒకదానిలో నిద్రపోతూ వాలిన తల, ఒకదానిలో మామిడికాయల సంచి. ఒకే ఒక్క కిటికీకి మాత్రం ఎర్రటి చట్రం.

భోజనాలయ్యాక ఆడవాళ్ళంతా చాప మీద కూర్చున్నారు. నేను గుమ్మం దగ్గర కుర్చీలో, ఫోను చూస్తున్నట్టు నటిస్తూ ఉన్నాను.

"ఈ పెట్టెల డిజైను బాగుండాది మే," అంది వదిన, చెల్లెలి వీపు తడుముతూ. "అన్నీ నీలంగా ఉంటే ఈ ఒక్కటి ఎర్రగా పెట్టినావెందుకు?"

"నీలం దారం అయిపోయిందక్కా," అంది నా భార్య.

నాకు ప్రాణం పోయినంత పనైంది. మా పెళ్ళయిన కొత్తలో ఆమె నాతో గొడవపడి, ఎర్రచీర కట్టుకుని, నా బస్సులోనే పుట్టింటికి బయలుదేరింది. టిక్కెట్టు అడిగితే ఎవరో తెలియనట్టు కిటికీలోంచి బయటికి చూస్తూ డబ్బులు అందించింది. ఆ కిటికీ అది. ఆమెకు చెప్పలేదు, తనే కనిపెడుతుందిలే అని నాలుగు నెలలు కాచుకున్నాను.

"అయిపోలేదు," అన్నాను పైకే.

అందరి తలలూ నా వైపు తిరిగాయి. "అంటే, రెండు లచ్చీలు తెచ్చిచ్చినాను కదా అని," అన్నాను.

"ఆడోళ్ళ దారాలతో నీకేం పని మరిదీ?" అంది వదిన. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ నవ్వు అయ్యేలోగా వదిన లేచి ఒక గుడ్డ, సూది, దారం తెచ్చి చెల్లెలి ఒళ్ళో పెట్టింది. "వచ్చే ఆదివారం నా కూతురి సీమంతం కదా. దాని రవికెకు ఒక్క పువ్వు నేనే కుట్టాలనుండాది. ఎట్లా మొదలుపెట్టేదో సూపించు."

నా భార్య ముఖంలో నెత్తురు చుక్క లేదు. "కళ్ళద్దాలు తేలేదక్కా," అంది. ఆమెకు కళ్ళద్దాలే లేవు.

ఇంటికొచ్చాక ఆమె చీర మార్చుకుని, ఆ రవికె మడిచి నా ఒళ్ళో పెట్టింది.

నేనే ముందు అరిచాను. "నాలుగు నెలలు నేను కుట్టింది, దారం అయిపోయిందని ఒక్కమాటతో తీసేస్తివి. పేరేమో నీకు."

"ఆ పేరు నేనడిగినానా?" అంది. గొంతు పెంచలేదు. "నీకు సిగ్గని నా నెత్తిన పెట్టినావు. ఎవురు యాడ సూది తెచ్చిస్తారోనని పెళ్ళిళ్ళకు పోయేదే మానేసినా. అక్క కూతురి సీమంతానికి కూడా నేను రాను. దాన్ని చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పింది నేను. అయినా రాను."

ఆమె తలనొప్పులన్నీ అప్పుడు అర్థమయ్యాయి. అర్థమైనా క్షమించమని అడగకుండా, ఆ రవికె తీసుకుపోయి బీరువాలో పెట్టాను.

ఆ వారమంతా నాకు నిలకడ లేదు. పాకాలకు పోయేవాడికి పూతలపట్టుకు టిక్కెట్టు కొట్టి తిట్లు తిన్నాను. వదినకు ఫోను చేసి చెప్పేద్దామని నాలుగుసార్లు నంబరు తీశాను, నాలుగుసార్లూ ఆపేశాను. సీమంతానికి రెండు రోజులుండగా, నాకు సెలవు రోజున, తలుపు బార్లా తీసి కుర్చీ వరండాలో వేశాను. పొద్దున తొమ్మిది గంటలు, వీధి నిండా జనం. ఒళ్ళో రింగు పెట్టుకుని కూర్చున్నాను. రెండుసార్లు మంచినీళ్ళ వంకతో లోపలికి పారిపోయి మళ్ళీ వచ్చాను. సూది నాలుగు కుట్లకు మూడుసార్లు వేలికే గుచ్చుకుంది.

అంతలో నా బస్సు డ్రైవరు, డ్యూటీ మార్చుకోవడం గురించి మాట్లాడాలని బండి ఆపి లోపలికొచ్చాడు. డిపోలో అందరికంటే పెద్ద నోరు అతనిదే. నా భార్యను అక్కా అని పిలుస్తాడు. రింగు వంక చూసి, "ఏమప్పా, అక్క పని నీ నెత్తిన పడిందా?" అన్నాడు.

అవునని తలాడిస్తే చాలు, గండం గడిచిపోతుంది. నా తల సగం ఊగింది కూడా.

"అక్కది కాదప్పా, నాదే," అన్నాను. "ఇన్నాళ్ళూ అక్క రవికెలన్నీ నేనే కుట్టినాను. తనే కుట్టిందని అబద్ధం చెప్పింది నేను."

కాఫీ గ్లాసులతో గడప దాటబోతున్న నా భార్య అక్కడే ఆగిపోయింది. అతను ఆమె వైపు తిరిగాడు. "నిజమా అక్కా?"

"నాకు సూదిలో దారం ఎక్కించేది కూడా రాదబ్బా," అంది.

అతను పగలబడి నవ్వాడు. సాయంత్రానికి డిపో అంతా పాకింది. మర్నాడు ఒకడు తన చొక్కా కాజా కుట్టిపెట్టమన్నాడు, ఇంకొకడు వాళ్ళావిడ రవికె కొలతలు పంపిస్తానన్నాడు. నా చెవులు కాలిపోయాయి. ఇంటికొచ్చి ఆమెకు చెప్తే పొట్ట పట్టుకుని నవ్వి, వాళ్ళక్కకు తనే ఫోను చేసి అంతా మొదటినుంచీ చెప్పింది.

ఆదివారం నేను చొక్కా గుండీలు పెట్టుకునేలోపే ఆమె చెప్పులు వేసుకుని, సంచి భుజాన తగిలించుకుని, గేటు దగ్గర నిలబడి నన్ను కేకేసింది.