బావ గీసిన ఎర్ర గీతలు

జూలై రెండో ఆదివారం, సాయంత్రం. స్థలం: మెట్టుగూడలో మా అక్క ఇల్లు. హాజరైనవారు: మా అక్క, ఆవిడ కూతురు అంటే నా మేనకోడలు, నా భార్య, నేను. హాజరు కాకపోయినా గదిలో అందరికంటే ఎక్కువ చోటు ఆక్రమించినవాడు: మా బావ. ఆయన పోయి ఏడాది కావస్తోంది.

ఆ రోజు డైరీ పేజీ ఇలా మొదలుపెట్టాను. రికార్డు సెక్షన్లో పనిచేసి రిటైరైనవాణ్ణి, ఎవరెవరున్నారో రాయకుండా ఏం జరిగిందో రాయడం నాకు చేతకాదు. మేం కూర్చున్నది బావ సమాధి రాయి మీద ఏ వాక్యం చెక్కించాలో తేల్చడానికి. రాయి చెక్కే ఆయన సోమవారం పొద్దున్నే పని మొదలుపెడతానన్నాడు. పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ ఇచ్చేశారు. కింద వేయవలసిన వాక్యం ఒక్కటే మిగిలింది. దాన్ని తప్పుల్లేకుండా గుండ్రటి అక్షరాలతో కాగితం మీద రాసివ్వడం నా పని. అంతకుమించి నన్నెవరూ అడగలేదు. అడగని పని చేయడం నా అలవాటని నా భార్య అంటుంది.

మేనకోడలు బావ బైబిలు తెరిచి నా ఒళ్ళో పెట్టింది. "ఇదే మామయ్యా. డాడీ ఎర్రగా గీసుకున్నాడు చూడండి. పక్కన పువ్వు కూడా వేసుకున్నాడు. ఎరుపంటే వాగ్దానమని మీరే చెప్పారు కదా."

అది దేనికీ చింతపడవద్దని చెప్పే వాక్యం. అక్క నా ముఖంలోకి చూస్తూ కూర్చుంది. చివరి వారం ఆస్పత్రిలో బావ ముఖానికి మాస్కు పెట్టారు, మాట్లాడలేకపోయాడు. భయపడుతూ పోయాడా, నెమ్మదిగా పోయాడా అన్న ఒక్క ప్రశ్నతో మా అక్క ఏడాదంతా చిక్కిపోయింది. నెల కింద కూతురు ఈ ఎర్ర గీత కనిపెట్టింది. అప్పటినుంచే అక్క కంటినిండా నిద్రపోతోందట. "ఈ మాట పట్టుకునే పోయాడురా" అంది నాతో. నేను కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. అది పువ్వు కాదు. నిలువుగా ఒక కర్ర, పైన ఎర్రటి గుండ్రం. నాకు చెప్పలేనంత విసుగొచ్చింది. పోయి ఏడాదైనా ఈ మనిషి నా పద్ధతిని పాడుచేయడం మానలేదు.

ఆ పద్ధతి గురించి చెప్పాలి. బైబిలు కాగితం ఉల్లిపొర. ఇంకు పెన్నుతో గీస్తే ఇవతలి వాక్యం కింద గీసింది అవతలి వాక్యం నడుం మీద తేలుతుంది. అందుకని రంగు పెన్సిళ్ళే వాడాలి, మెత్తగా చెక్కాలి, ఆరంగుళాల స్కేలు ఆనించి గీయాలి. ఎరుపు వాగ్దానాలకు, నీలం ఆజ్ఞలకు, పచ్చ ప్రార్థనలకు, పసుపు హెచ్చరికలకు. ఈ పట్టిక అట్ట లోపల అంటించుకుంటే పదేళ్ళ తర్వాత తెరిచినా ఏ గీత ఎందుకు గీశామో తెలుస్తుంది. మా చర్చి సంఘంలో స్త్రీల కూడికకు పిలిస్తే ఇదే నేర్పాను. అందరూ బుద్ధిగా రాసుకున్నారు. నా భార్య మాత్రం రాసుకోలేదు. ఆవిడ బైబిల్లో గుర్తులంటే కరెంటు బిల్లు, మందుల చీటీ, ఎండిన కరివేపాకు రెమ్మ. అయినా అడిగిన వాక్యం నాకంటే ముందే తీస్తుంది. ఆ సంగతి ఇక్కడ అప్రస్తుతం.

మా బావ బోయిగూడలో పుట్టి పెరిగినవాడు, గూడ్సు బండి గార్డు. బండి చిట్టచివర, బ్రేక్‌వ్యాన్ అనే చిన్న పెట్టెలో కూర్చుని, ముందున్న డబ్బాలన్నీ క్షేమంగా వస్తున్నాయో లేదో చూసుకోవడం ఉద్యోగం. రిటైరయ్యాక నా రంగు పెన్సిళ్ళ డబ్బా అడిగి తీసుకుపోయాడు. కొన్ని నెలలకు తిరిగిచ్చాడు. పచ్చ పెన్సిల్ కొత్తది కొత్తగానే ఉంది. ఎర్రది చిటికెన వేలి గోరంత మిగిలింది. స్కేలు పెట్టకుండా గీసినట్టున్నాడు, మొన ఒకవైపే అరిగిపోయింది. అయినా నాకు సంతోషమే వేసింది. "ఇన్ని వాగ్దానాలు ఎక్కడ దొరికాయి బావా?" అన్నాను.

ఆయన నన్ను జాలిగా చూశాడు. "రెడ్డంటే వాగ్దానమేంది బామ్మర్దీ? రెడ్డంటే బండి ఆగాలె. చిన్న పోరడిని అడిగినా చెప్తడు."

"మరి పచ్చ? అది ప్రార్థన అని రాసిచ్చాను కదా."

"గ్రీన్ పడ్డంక ఇంగ ప్రార్థన దేనికి? పోవుడే!"

చదువుతూ పోతుంటే మనసు ముందుకు కదలని చోటల్లా ఎర్ర సిగ్నల్ వేశాడన్నమాట. కర్ర, గుండ్రం, కింద బండి కుదుపులో గీసినట్టు వంకర గీత. దేవుడి గ్రంథాన్ని స్టేషను యార్డు చేశావని కోప్పడ్డాను. ఆయన పట్టించుకోలేదు. ఆ రోజే ఈ చింత వాక్యం చూపించి, "గిది జూడు. చింతపడొద్దంట. చింతపడుడే నా డ్యూటీ. గార్డు చింతపడకుంటే డబ్బా తెగిపోయిందని డ్రైవరుకు చెప్పేదెవరు?" అన్నాడు. నిజంగానే ఆయనంత చింతపడే మనిషిని నేను చూడలేదు. ఊరెళ్ళేటప్పుడు తాళం వేసి, వీధి చివరిదాకా వచ్చి, గ్యాసు కట్టేశామో లేదోనని వెనక్కి పరిగెత్తేవాడు. అర్ధగంట ప్రయాణానికి ఎంఎంటీఎస్ లోకల్ రైలు స్టేషనుకు గంట ముందు చేరేవాడు. కూతురు కాలేజీ నుంచి కాస్త ఆలస్యమైతే గేటు దగ్గర నిలబడి, దారిన పోయే ఆటోలన్నిటినీ వంగి చూసేవాడు.

ఇప్పుడు ఆ వాక్యం నల్లరాతి మీద ఆయన పేరు కింద చెక్కబోతున్నారు. ఆయన దాటలేకపోయిన చోటును ఆయన విశ్వాసమని లోకానికి చాటబోతున్నారు. నాకు తప్పుడు ఎంట్రీ అంటే ఒళ్ళు మంట. చెబితే అక్క నిద్ర పాడవుతుంది, చెప్పకపోతే నాది. కలం మూత తీస్తూ, పెడుతూ కూర్చున్నాను.

"ఏంటండీ, గీత వంకరగా ఉందనా?" అంది నా భార్య. తర్వాత అక్కవైపు తిరిగి, "ఈయనకు పరలోకంలో కూడా ముందు స్కేలు ఇవ్వాలి వదినా" అంది. మేనకోడలు నవ్వింది. ఆ నవ్వే నా నోరు జార్చింది.

"అది వాగ్దానం కాదక్కా. సిగ్నల్."

జరిగింది జరిగినట్టు చెప్పాను. మేనకోడలి నవ్వు ఆగిపోయింది. "అంటే డాడీ ఈ మాట నమ్మలేదా?" అంది, కళ్ళు నింపుకుని. నా భార్య నా వైపు చూసిన చూపు డైరీలో రాయలేదు. బయట ముసురు, కిటికీ రేకు మీద చినుకులు. అక్క బైబిలు నా ఒళ్ళోంచి లాక్కుని, ఆ బొమ్మ మీద వేలు పెట్టింది.

"ఒరేయ్, రెడ్డు పడితే మీ బావ బండి దిగి ఇంటికొచ్చేసేవాడా?"

"రాడు."

"ఏం చేసేవాడు?"

"కూర్చునేవాడు."

"ఎంతసేపు?"

"సిగ్నల్ ఇచ్చేదాకా అక్కా. అది రూలు."

"ఆ కూర్చున్న రాత్రులన్నీ ఇక్కడ అన్నం మీద మూత పెట్టుకుని నేనూ కూర్చున్నా. నాకు తెలీదా?" పెళ్ళయ్యాక మా అక్క భాష సగం బోయిగూడది అయిపోయింది, కోపమొస్తే పూర్తిగా అయిపోతుంది. "నమ్మనోళ్ళు గీతలు గీయరురా, పుస్తకం మూస్తరు. ఈయన ఈడ ఆగిండు, దిగిపోలే. గంతే. రాయి."

రాశాను. చేతిరాత ఎప్పటిలా రాలేదు. అక్క అది చూసి, దీపం కూడా వేయకుండా బైబిలు పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఇంటికొచ్చే దారంతా నా భార్య నాకంటే నాలుగడుగులు ముందే నడిచింది. చెప్పి ఉండకూడదనే నేనూ అనుకున్నాను.

మర్నాడు పొద్దున్న సమాధుల తోట గేటు పక్కన ఆ రాయి చెక్కే ఆయనకు కాగితం ఇచ్చాను. చదివి, తల ఊపి, "అక్షరాలకు రంగేందేయాలె సార్? నలుపా, బంగారమా?" అన్నాడు. బంగారమని నేననేలోపు ఫోను మోగింది. అక్క.

"ఒరేయ్, రాత్రంతా ఆలోచించా. అక్షరాలకు పచ్చ రంగు వేయించు."

"అక్కా, పచ్చంటే..."

"నీ పట్టిక నా దగ్గర తీయకు. ఏడాదాయె పోయి. ఇంకా ఆపి ఉంచుతారా ఆయన్ని? ఇచ్చేసుంటారు సిగ్నలు." పెట్టేసింది. గొంతు మాత్రం నిద్రపోయి లేచిన మనిషి గొంతులా తేటగా ఉంది.

పచ్చ అని చెబితే చెక్కే ఆయన ఉలి పక్కన పెట్టాడు. "ఏందీ సార్, సమాధికి పచ్చనా? గిట్ల ఎవ్వరు ఏయించుకోరు. జెర ఇంట్ల అడిగి రాండ్రి."

"ఇంట్లోవాళ్ళే చెప్పారయ్యా."

ఆయన గొణుక్కుంటూ షెడ్డులోకి వెళ్ళి, అంచులకు రంగు గడ్డకట్టిన డబ్బా ఒకటి వెతికి తెచ్చాడు. మూత ఊడదీసి చూపించాడు. "గేటుకు తెచ్చింది మిగిలింది. నడుస్తదా?"

"నడుస్తది" అన్నాను, తెలియకుండానే మా బావ యాసలో.

అక్కడే బల్ల మీద కూర్చుని డైరీ తీసి సోమవారం పేజీలో తేదీ వేశాను, హాజరైనవారి పేర్లు వేశాను, ఆ తర్వాత ఏం రాయాలో తోచక చాలాసేపు ఉలి చప్పుడు వింటూ ఉండిపోయాను. ఏ గీత ఎక్కడ గీసుకున్నామో మనం రాసిపెట్టుకోగలం. పచ్చ సిగ్నల్ ఇచ్చి దారి ఎప్పుడు తెరిచారన్నది మాత్రం ఎవరి డైరీకీ అందదు.