చంకలో ఫ్యాన్

మా బావ ఒక టేబుల్ ఫ్యాన్‌ను చంకలో పెట్టుకుని ఏడేళ్లు ఊరంతా తిరిగాడు.

ఏడేళ్లు కాదులెండి, ఏడు వారాలు. నేను చదువుకున్నది కాన్వెంటులో. అక్కడి సిస్టర్లు అబద్ధం చెప్పినవాణ్ణి గంటసేపు మోకాళ్ల మీద నిలబెట్టేవారు, తనంతట తాను ఒప్పుకున్నవాణ్ణి అరగంటకే లేపేసేవారు. ముందు ఒకటి అనేసి, ఆనక సగం వెనక్కి తీసుకోవడం నాకు అలా అలవాటైంది. కానీ ఫ్యాన్ నిజం, చంక నిజం, బావ ఆ రెండింటికన్నా నిజం.

బావ అంటే మా అక్క భర్త. టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవాడు. ఇరవై టైపు మిషన్లు ఒక్కసారిగా టకటకలాడుతుంటే మనబోటివాళ్లకి రేకుల మీద వడగళ్లు పడుతున్నట్టు ఉండేది. బావ మాత్రం కిటికీలోంచి వీధిని చూస్తూ, వెనక్కి తిరక్కుండానే, "ఆరో మిషన్, ఎస్ బదులు ఏ కొట్టావు" అనేవాడు. తీరా చూస్తే కాగితం మీద ఏ ఉండేది. ప్రతి అక్షరానికీ ఒక గొంతు ఉంటుందని ఆయన నమ్మకం. ఇంట్లోనూ అంతే. బీరువా తలుపు సరిగా పలకడం లేదనేవాడు, కుళాయి నిన్నటి కంటే బొంగురుగా ఉందనేవాడు. ఆయన చెవికి నచ్చని వస్తువేదీ గడప దాటి లోపలికి వచ్చేది కాదు. ఒక్క మా అమ్మకే మినహాయింపు.

మా అమ్మ అక్క దగ్గరే ఉండేది. అప్పటికి ఎనభైకి దగ్గర పడింది. చెవులు మందగించాయి గనక చెవి మిషన్ పెట్టుకునేది. నోరు మాత్రం మందగించలేదు. అల్లుడితో రోజూ తగువే. అదీ ఎంతో మర్యాదగా, గారూ గారూ అనుకుంటూ. "అల్లుడుగారూ, మీకు చెప్పేకన్నా ఆ గోడకి చెప్పుకోవడం సుఖం" అని ఆవిడంటే, "చెప్పి చూశారుగా అత్తయ్యగారూ, సున్నం రాలుతోంది" అని ఈయన. కరెంటు పోతే టీవీ ఆగిపోతుంది గనక తగువు రెండింతలయ్యేది. పక్కింటివాళ్లు తమ కిటికీ తెరుచుకుని మరీ వినేవారు. వంతులు వేసుకుని వినేవారని చెప్పాలనుంది గానీ, అది నేను కలిపింది.

ఆ ఎండాకాలం కరెంటు రోజుకి నాలుగైదు గంటలు పోవడం మొదలైంది. అమ్మ ఉక్కకి సొమ్మసిల్లి ఒకసారి కుర్చీలోంచి జారిపోయింది కూడా. ఈ వయసులో ఫ్యాన్ లేకుండా ఉంచకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇన్వర్టర్ కొనమంది అక్క. బావ సరేనన్నాడు. సరేనని టైపు మిషన్ ముందు కూర్చున్నాడు.

మూడు కార్బన్ కాపీలతో జాబితా తయారైంది. సీలింగ్ ఫ్యాన్లు రెండు, టేబుల్ ఫ్యాన్ ఒకటి, ట్యూబ్‌లైట్లు నాలుగు. ఒక్కోదానికీ ఎన్ని వాట్లు, అన్నీ కలిపి నాలుగు గంటలు నడవాలంటే ఎంత బ్యాటరీ కావాలి, అన్నీ లెక్క కట్టాడు. మిక్సీ కూడా చేర్చమని అక్క అడిగితే, మిక్సీ తిప్పితే బ్యాటరీ కళ్లు తేలేస్తుందని కొట్టిపారేశాడు. ఇస్త్రీపెట్టె సంగతి ఎత్తే ధైర్యం ఎవరికీ లేకపోయింది. చివర ఎర్ర రిబ్బనుతో ఒక వాక్యం కొట్టాడు: మూలుగు రాకూడదు.

ఆ మూలుగేమిటో నాకు తర్వాత తెలిసింది. చవక రకం ఇన్వర్టర్లు బ్యాటరీలోని కరెంటును గతుకులు గతుకులుగా ఇస్తాయి. ట్యూబ్‌లైటుకి ఆ గతుకులతో పెద్ద పేచీ లేదు. ఫ్యాన్‌ మాత్రం గుయ్యిమంటుంది. నున్నగా, మామూలు కరెంటులాగే ఇచ్చే రకాన్ని సైన్ వేవ్ అంటారు. అప్పట్లో మా ఊళ్లో ఆ మాట తెలిసిన దుకాణమే లేదు.

బావ హాల్లో ఉండే టేబుల్ ఫ్యాన్ చంకలో పెట్టుకుని బయల్దేరాడు. మొదటి దుకాణంలో ఫ్యాన్‌ను కౌంటర్ మీద నిలబెట్టి ఇన్వర్టర్‌కి తగిలించమన్నాడు. మెయిన్ తీసేయమన్నాడు. ఫ్యాన్ తిరిగింది. బావ కళ్లు మూసుకున్నాడు.

"ఏడుస్తోంది," అన్నాడు.

"ఫ్యాన్ అన్నాక చప్పుడు చెయ్యదా సార్?" అన్నాడు దుకాణదారు.

"చప్పుడు వేరు, ఏడుపు వేరు. ఇంకోటి చూపించండి."

ఇంకోటీ ఏడ్చింది. ఆ దుకాణంలోవన్నీ ఏడ్చాయి. చివరికి దుకాణదారు కూడా ఆ వరసలోనే ఉన్నాడు. మర్నాడు ఇంకో దుకాణం. సాయంత్రం ఇన్‌స్టిట్యూట్ మూసెయ్యడం, ఫ్యాన్ చంకనెత్తుకోవడం, వీధులు పట్టడం. నాలుగో వారానికి బజారంతా ఆయన్ని ఫ్యాన్ మాస్టారనడం మొదలుపెట్టింది. ఆయన మలుపు తిరగడం చూసి ఒక బ్యాటరీ షాపువాడు షట్టర్ దించేశాడు. సగమే దించాడనుకోండి. మిగతా సగంలోంచి బావ వంగి లోపలికి వెళ్లాడు, ముందు ఫ్యాన్, వెనక తను.

అక్కకి ఓపిక నశించింది. నేను వెళ్లిన రోజున నా ముందే తేల్చేసింది.

"ఆదివారం దాకా చూస్తానండీ. ఆలోగా ఇన్వర్టర్ రాకపోతే అమ్మని తమ్ముడింటికి పంపించేస్తాను. వెళ్తే ఇక అక్కడే. మీకు కావలసింది కూడా అదేగా?"

నిజం చెప్పొద్దూ, నేనూ అదే అనుకున్నాను. రోజూ తగువులాడే అత్తగారిని సాగనంపడానికి ఇంతకన్నా సాధుమార్గం ఏముంది? పైగా మా ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. పది నిమిషాల్లో కొన్నాను. ఆ గొప్ప కూడా అక్కడే చెప్పుకున్నాను.

"అమ్మ మా ఇంట్లో ఎంత శాంతంగా ఉంటుందో తెలుసా బావా? కిందటేడు పది రోజులుంది. కరెంటు పోయినప్పుడు ఫ్యాన్ కింద మౌనం పట్టిన మునిలా కూర్చునేది. ఏం చెప్పినా చిరునవ్వే."

ఆ చిరునవ్వు చూసే నేనొకసారి నలభై ఏళ్ల నాటి పాపం ఒప్పేసుకున్నాను. పదేళ్ల వయసులో మా నాన్న గోడ గడియారం పగలగొట్టి, నేరం పిల్లి మీదకి తోసింది నేనే. అంతా చెప్పాను. అమ్మ నవ్వి ఊరుకుంది. క్షమించేసిందని గుండె బరువు దించుకున్నాను. అమ్మని దిగబెట్టడానికి వచ్చిన రోజున బావ కూడా మా ఫ్యాన్ కింద కళ్లు మూసుకుని చాలాసేపు నిలబడ్డాడు. చల్లగాలికి మైమరచిపోయాడనుకున్నాను.

"ఆదివారానికి ఇంకా అయిదు రోజులున్నాయి," అన్నాడు బావ, ఫ్యాన్ అందుకుంటూ.

ఆదివారం మధ్యాహ్నం ఆటో తీసుకుని వెళ్లాను. అమ్మ సంచి సర్ది ఉంది. దాని పక్కన అమ్మ, ఆ సంచి తనది కానట్టు మొహం పెట్టుకుని. బావ లేడు. పొద్దున్నే మొదటి బస్సుకి పక్క ఊరు వెళ్లాడట. ఫ్యాన్‌తోనే అని వేరే చెప్పక్కర్లేదు.

"ఆయన కోసం చూడకు, బయల్దేరండి," అంది అక్క. అమ్మ చెప్పులు కనపడటం లేదంది. నేను వెతికాను. అవి ఆవిడ కూర్చున్న కుర్చీ కిందే, చీర కుచ్చిళ్ల చాటున దొరికాయి. తర్వాత కళ్లజోడు కనపడలేదు. అది వెతుకుతుండగా ఇంకో ఆటో వచ్చి ఆగింది. కాళ్ల మధ్య బ్యాటరీ, పక్కన ఇన్వర్టర్ పెట్టె, ఒళ్లో ఫ్యాన్, ఆ వెనక ఎక్కడో మా బావ. డ్రైవర్ పక్కన ఒక ఎలక్ట్రీషియన్.

రెండు గంటలు వైర్లు లాగారు. రోజూ పోయే కరెంటు, కావలసిన రోజున పోలేదు. బావే వెళ్లి మెయిన్ దించాడు. ఇల్లంతా ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలింది. అమ్మ ఎదురుగా పెట్టిన అదే టేబుల్ ఫ్యాన్ తిరుగుతోంది. ఆకులు కదిలిన చప్పుడంత, అంతకు మించి లేదు.

బావ కళ్లు మూసుకోలేదు. అమ్మ వెనగ్గా వెళ్లి, వంటింటి గుమ్మంలో నిలబడి, మామూలు గొంతుతోనే అన్నాడు.

"అత్తయ్యగారూ, మీ అబ్బాయికి బుర్ర కొంచెం తక్కువ."

అమ్మ తల తిప్పలేదు.

"కొంచెమేమిటి అల్లుడుగారూ," అంది.

బావ నావైపు తిరిగాడు. "నీ ఆటోని పంపించెయ్."

నాకేమీ అర్థం కాలేదు. అమ్మే చెప్పింది. మా ఇంట్లో కరెంటు పోయి ఫ్యాన్ గుయ్యిమనగానే ఆ రొద చెవి మిషన్‌లోకి దూరి, తేనెపట్టు కదిపినట్టు ఉండేదట. మనిషి గొంతు ఒక్కటీ వినపడేది కాదట. మిషన్ తీసి ఒళ్లో పెట్టుకుని, అందరి పెదాలూ కదలడం చూస్తూ కూర్చునేదట.

"మరి నాకు చెప్పలేదేమ్మా?"

"ముచ్చటపడి కొనుక్కున్నావు కదరా. ఎలా చెప్పను?"

నాకు ఆ మౌనవ్రతం సంగతి తెలిసిపోయింది. దాంతో ఇంకో అనుమానం కూడా వచ్చింది.

"అయితే ఆ రోజు నేను గడియారం గురించి చెప్పినప్పుడు..."

"ఏ గడియారం?" అంది అమ్మ, మిషన్ సరిచేసుకుంటూ.

నేను నేల చూపులు చూశాను. గోడకి ఆనుకుని నిలబడిన బావ ఎంతో మర్యాదగా అందుకున్నాడు.

"చెప్పరా. ఇప్పుడు ఫ్యాన్ కూడా అడ్డు రావడం లేదు."

ఆ తర్వాత తొమ్మిదేళ్లు అమ్మ అక్కడే ఉంది. ప్రతి నెలా ఒకటో తారీఖున బావ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోసేవాడు, ఎక్కువ పోస్తున్నారని అమ్మ పక్కనుంచి తగువు పెట్టుకునేది. మా ఇంట్లో ఇన్వర్టర్‌ని నేను ఆ వారమే మార్చేశాను. ఆ నెలలోనే అనుకోండి.

మొన్న ఇదంతా బావకి చదివి వినిపించాను. ఎనభై అయిదేళ్లొచ్చాయి. కళ్లు మూసుకుని, ఫ్యాన్‌ని విన్నట్టే విన్నాడు.

"అంతా అబద్ధం," అన్నాడు. "గతుకుల కరెంటుకి ఫ్యాన్ కాయిల్ వేడెక్కి పాడైపోతుంది. అందుకని వద్దన్నాను. అత్తయ్యగారికీ దానికీ ఏ సంబంధమూ లేదు. ఏడు వారాలు కూడా కాదు, ఆరు వారాల నాలుగు రోజులు. ఇంకో తప్పు కూడా ఉంది. ఆ ఫ్యాన్ హాల్లోదని రాశావు. అది హాల్లోది కాదు, అత్తయ్యగారి గదిలోది. దిద్దుకో."